డేటా మైనింగ్ చదువు: చేర్పించే ముందు

“డేటా మైనింగ్ అంటే గనిలో పనా అయ్యగారూ?” అని తల్లిదండ్రులు మమ్మును అడుగుతున్నారు. గని కాదు, ఇక్కడ తవ్వేది వివరాల కుప్పలను. 1993లో అమెరికాలోని ఐబిఎం సంస్థకు చెందిన రాకేష్ అగ్రవాల్, మరి ఇద్దరు కలిసి, దుకాణపు బిల్లులలో ఏ సరుకుతో ఏ సరుకు అమ్ముడవుతున్నదో కనిపెట్టే పద్ధతిని ప్రకటించారు.

ఆ బిల్లులను భద్రపరచి వెదకడం డేటాబేస్ పని. రెండు సరుకులు కలిసి పోవడం నిజమైన సంబంధమా, కాకతాళీయమా అని తేల్చేది స్టాటిస్టిక్స్. పాత బిల్లులను చూచి, రేపు ఏమి కొంటారో కంప్యూటరే నేర్చుకుంటే మెషీన్ లెర్నింగ్. తరచుగా ఈ మూడూ ఒక్క ఉద్యోగి మీదనే పడతాయి. అందుకే అదే పనికి ఒకచోట డేటా ఎనలిస్ట్ అని, మరొకచోట డేటా సైంటిస్ట్ అని పేరు. చాలా సమయం మాత్రం వివరాలను శుభ్రం చేయడానికే పోతుంది. ఒకే మనిషి పేరు మూడు విధాలుగా ఉంటుంది (మన రేషను కార్డు, ఆధార్ పక్కపక్కన పెట్టి చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు!).

కనుక పొలం తాకట్టు పెట్టి పిల్లలను చేర్పించే ముందు, కోర్సు పేరు చూడక, స్టాటిస్టిక్స్ ఎంత చెబుతారో అడగండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు 1945లో ప్రచురించిన సిద్ధాంతం ఆ శాస్త్రంలో నేటికీ పాఠమే. దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బి.ఎస్సీ. స్టాటిస్టిక్స్ ఉన్నదేమో ముందు అక్కడ విచారించండి.