గ్లాసెడు నూనె, రెండు కిలోమీటర్ల లోతు

ఆర్గో ఫ్లోట్‌కి ఈత రాదు. దానికి ప్రొపెల్లర్ లేదు, చుక్కాని లేదు, తెరచాప లేదు. నీరు ఎటు మోసుకుపోతే అటు పోతుంది. దానికి చేతనైనదల్లా మునగడం, తేలడం. ఇంత తక్కువ తెలిసిన యంత్రాలు నాలుగు వేల దాకా ఇవాళ ప్రపంచ సముద్రాల్లో తిరుగుతున్నాయి. సముద్రం కడుపులో ఎంత వేడి దాగి ఉందో మనకు లెక్క తెలుస్తోందంటే చాలావరకు వాటి చలవే.

చూడ్డానికి పెద్ద హంగేమీ ఉండదు. యాంటెన్నాతో కలిపితే ఇంచుమించు మనిషెత్తు గొట్టం, పాతిక కిలోలకు అటూ ఇటూగా బరువు. ఇద్దరు మనుషులు ఓడ అంచు మీంచి తాడుతో దింపేయగలరు. పైకొనన ఉష్ణోగ్రత, ఉప్పదనం, పీడనం కొలిచే సెన్సర్లు ఉంటాయి. గొట్టంలో బ్యాటరీలు, చిన్న కంప్యూటరు, ఒక పంపు, కొంచెం నూనె. అడుగున రబ్బరు తిత్తి.

కిటుకంతా ఆ తిత్తిలోనే ఉంది. పంపు నూనెను గొట్టంలోంచి తిత్తిలోకి నెడితే తిత్తి ఉబ్బుతుంది. బరువు మారదు గానీ యంత్రం ఆక్రమించే చోటు పెరుగుతుంది, దాంతో పైకి తేలుతుంది. నూనె వెనక్కి లోపలికి వచ్చేస్తే తిత్తి ముడుచుకుంటుంది, యంత్రం మునుగుతుంది. చెరువులో వెల్లకిలా పడుకున్నవాడు ఊపిరి బిగబట్టి తేలడం, వదిలి మునగడం లాంటిదే ఇదీ. ఇందుకు కావలసిన నూనె గ్లాసెడు ఉంటే ఎక్కువ. అయితే రెండు కిలోమీటర్ల లోతున ఆ గ్లాసెడు నూనెను బయటకు నెట్టడం మాటలు కాదు. అక్కడ పీడనం మన నేల మీది గాలి పీడనానికి 200 రెట్లు. బ్యాటరీలో ఎక్కువ భాగం ఖర్చయ్యేది ఈ నెట్టుడుకే.

దీని దినచర్యకు పది రోజులు పడుతుంది. ముందు 1000 మీటర్ల లోతుకు దిగి, తొమ్మిది రోజులపాటు అక్కడి ప్రవాహంతో కలిసి చీకట్లో కొట్టుకుపోతుంది. తర్వాత 2000 మీటర్లకు దిగుతుంది. అక్కణ్ణుంచి సెకనుకు పది సెంటీమీటర్ల చొప్పున నింపాదిగా పైకి వస్తూ దారిపొడుగునా కొలతలు తీసుకుంటుంది. పైకి చేరడానికి ఆరు గంటల దాకా పడుతుంది. పైకొచ్చాక ఉపగ్రహానికి సమాచారం పంపేసి మళ్లీ మునుగుతుంది. నాలుగైదేళ్లు, బ్యాటరీ ఆయువు గట్టిదైతే ఇంకా ఎక్కువ కాలం, ఇదే పని.

పుట్టుపూర్వోత్తరాలకు వెళితే ఈ వంశానికి మూలపురుషుడు ఇంగ్లండులో, భవనాలకు పరంజీ కట్టే అల్యూమినియం గొట్టాల్లోంచి పుట్టాడు. 1955లో జాన్ స్వాలో అనే శాస్త్రవేత్త లోతు ప్రవాహాలను ఎలా కొలవాలా అని తలపట్టుకున్నాడు. ఓడ మీంచి పరికరాన్ని తాడుకు కట్టి దింపితే ఓడ కదలికా, ప్రవాహం కదలికా కలగాపులగమైపోతాయి. నీటితోపాటే కదిలే వస్తువు కావాలి, అదీ తలచిన లోతులోనే నిలవాలి. లోతుకు వెళ్లేకొద్దీ నీరు పీడనానికి నలిగి కాస్త చిక్కనవుతుంది. నీటి కంటే తక్కువ నలిగే గొట్టం ఒకటి చేస్తే అది మునుగుతూ మునుగుతూ, తన సాంద్రతా చుట్టూ ఉన్న నీటి సాంద్రతా సమానమైన చోట ఆగిపోతుంది. స్వాలో పట్టుకున్నది ఈ సూత్రాన్నే. గొట్టం గోడల మందం సరిగ్గా కుదరడానికి ఆయన వాటిని కాస్టిక్ సోడాలో నానబెట్టి లోహాన్ని కరిగించాడు. లోపల చప్పుడు చేసే చిన్న పరికరం పెట్టి, ఓడ నుంచి ఆ చప్పుడు వింటూ వెంబడించాడు.

1957లో ఆ గొట్టాలు అట్లాంటిక్‌లో గల్ఫ్ స్ట్రీమ్ అడుగున దానికి ఎదురుగా దక్షిణానికి పారే ప్రవాహాన్ని చూపించాయి. అలాంటిది ఉండాలని అమెరికా శాస్త్రవేత్త హెన్రీ స్టామెల్ అంతకుముందే కాగితం మీద లెక్క కట్టి ఉన్నాడు. అసలు ఆశ్చర్యం 1960 ప్రాంతంలో జరిగింది. ఏరీస్ అనే చిన్న తెరచాప ఓడలో బెర్ముడా దగ్గర ఇవే గొట్టాలతో కొలిచారు. లోతుల్లో నీరు నత్తనడకన, ఒకే దిక్కుగా జరుగుతుందని అప్పటి నమ్మకం. తీరా చూస్తే అనుకున్నదానికి పది రెట్ల వేగంతో, కొద్ది రోజులకే దిక్కు మార్చుకుంటూ పరుగెడుతోంది. లోతుల్లోనూ సుడులు తిరుగుతుంటాయని, సముద్రానికీ ఆకాశానికి ఉన్నట్టే వాతావరణం ఉందని అర్థం కావడం అక్కడే మొదలైంది. పరంజీ గొట్టం సాధించిన పని ఇది!

ఇబ్బందల్లా ఒక్కో గొట్టం వెనకా ఒక ఓడ కాపు కాయాల్సి రావడం. తర్వాతి తరంలో టామ్ రాస్బీ, డగ్ వెబ్ కలిసి చాలా దూరం వినిపించే ధ్వనిని వాడి ఓడ బాధ తప్పించారు. సముద్రంలో ఒకానొక లోతున ధ్వని వందల కిలోమీటర్లు చెక్కుచెదరకుండా పయనిస్తుంది, దాన్ని వాడుకున్నారు. కానీ ఆ ఫ్లోట్లు మహా భారీవి, ఖరీదైనవి. 1990 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన రస్ డేవిస్, అదే డగ్ వెబ్‌తో కలిసి వేరే దారి పట్టాడు. ధ్వనితో పనేముంది, యంత్రమే అప్పుడప్పుడు పైకొచ్చి ఉపగ్రహానికి కనబడితే పోదా? నూనె తిత్తి అలా వచ్చింది. అప్పటికి దాని పని ప్రవాహాల జాడ చెప్పడమే. ఎలాగూ కింది నుంచి పైకి వస్తోంది కదా, దారిలో ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిస్తే పోయేదేముందని సెన్సర్లు తర్వాత తగిలించారు. కొసరుగా చేర్చిన ఆ పనే చివరికి అసలు పని అయి కూర్చుంది.

1990ల చివర్లో శాస్త్రవేత్తలు మూడు వేల ఫ్లోట్లతో సముద్రాలన్నింటినీ కప్పాలని ప్రతిపాదించారు. పేరు ఆర్గో. గ్రీకు పురాణంలో జేసన్ అనే వీరుడి ఓడ పేరది. సముద్రమట్టాన్ని పైనుంచి కొలిచే ఉపగ్రహానికి జేసన్ అని పేరు పెట్టారు కాబట్టి కిందనుంచి కొలిచేదానికి ఇది. పేరులో సరదా ఉన్నా అందులో లెక్క ఉంది. సముద్రమట్టం పెరిగిందని ఉపగ్రహం చెప్పగలదు. నీరు వేడెక్కి ఉబ్బడం వల్ల ఎంత పెరిగిందో చెప్పాలంటే లోపలి ఉష్ణోగ్రత తెలియాలి. 2007 నవంబరులో మూడు వేల లక్ష్యం పూర్తయింది. ముప్పై దాకా దేశాలు పాలుపంచుకుంటున్నాయి. ఏ దేశం వేసిన ఫ్లోట్ అయినా సమాచారాన్ని దాచుకోకూడదు, 24 గంటల్లోగా లోకానికంతటికీ ఉచితంగా ఇవ్వాలి. నా దృష్టిలో నూనె తిత్తి కంటే గొప్ప ఆవిష్కరణ ఈ నియమం. ఎందుకంటారా, 2006లో జరిగినది చూడండి.

ఆ ఏడాది నాసా శాస్త్రవేత్త జోష్ విల్లిస్, జాన్ లైమన్, గ్రెగరీ జాన్సన్ కలిసి ఒక పత్రం ప్రచురించారు. 2003 నుంచి 2005 వరకు సముద్రం పైభాగం చల్లబడిందన్నది దాని సారాంశం. భూమి వేడెక్కుతోందన్న మాట నచ్చనివాళ్లకు పండగే పండగ. అయితే లెక్కలు ఎక్కడో పొసగడం లేదు. సముద్రమట్టం చూస్తే పెరుగుతూనే ఉంది. భూమికి వస్తున్న శక్తినీ, తిరిగిపోతున్న శక్తినీ కొలిచే ఉపగ్రహాలు చల్లదనం మాటే ఎత్తడం లేదు. విల్లిస్ మళ్లీ మొదటినుంచి తవ్వాడు. చల్లదనం ముఖ్యంగా అట్లాంటిక్‌లోని కొన్ని ఫ్లోట్ల నుంచే వస్తోందని తేలింది. ఒక రకం ఫ్లోట్లలో కొలతలకు లోతు తప్పుగా జతపడుతోంది. ఒక లోతులో తీసిన ఉష్ణోగ్రత ఇంకో లోతు ఖాతాలో పడుతోందన్నమాట. లోతుకు పోయేకొద్దీ నీరు చల్లన కాబట్టి, సముద్రం పైభాగం చల్లబడినట్టు కనిపించింది. దీనికి తోడు ఓడల మీంచి విసిరే పాతరకం థర్మామీటర్ల కొలతలు ఉన్నదానికంటే వెచ్చగా ఉంటున్నాయని కూడా బయటపడింది. పాతవి వెచ్చన, కొత్తవి చల్లన, రెండూ పక్కపక్కన పెడితే లేని చల్లదనం పుట్టుకొచ్చింది. మరుసటి ఏడాదే ఆ ముగ్గురూ సవరణ ప్రకటించారు. సమాచారం ఏ ఒక్కరి బీరువాలోనో ఉంటే ఈ తప్పు ఎన్నేళ్లు బతికేదో!

సెన్సర్లూ ఒక పట్టాన కుదురుగా ఉండవు. 2009లో పీడనం కొలిచే భాగంలో సన్నని లీకు బయటపడి కొన్నాళ్లు కొత్త ఫ్లోట్లు వేయడమే ఆపేశారు. ఉప్పదనం కొలిచే చిన్న గాజు గొట్టానికి పాచి పట్టకుండా విషపు బిళ్లలు పెడతారు. ఓడల అడుగుకు పూయడం మానిపించిన విషమే అది. ఉపరితలం మీది మురికి, నూనె తెట్టు గొట్టంలోకి పోకుండా, పైకి చేరడానికి ఓ ఐదు మీటర్ల ముందే అందులోకి నీరు లాగే చిన్న పంపును ఆపేయడం చాలా ఫ్లోట్లకు ఆనవాయితీ. అంటే సముద్రం పై పొర వాటికి సరిగా కనబడదు.

మన బంగాళాఖాతం విషయంలో ఇది చిన్న లోటు కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇంత మంచినీటిని తెచ్చి పోస్తుంటే, పైన వాన కురుస్తుంటే, ఉత్తర బంగాళాఖాతంలో పైనీరు పలచబడిపోతుంది. సముద్రంలో సగటున కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు ఉంటే, వానాకాలం తర్వాత అక్కడ 30 కంటే కిందికి పడిపోతుంది. తేలికైన ఆ నీరు మూతలా పైన కూర్చుంటుంది, కింది బరువైన నీటితో ఓ పట్టాన కలవదు. ఆ మూత కింద వెచ్చటి నీరు మందంగా పరుచుకుని ఉంటుంది. చలికాలంలోనైతే పైనీటి కంటే కింది నీరే వెచ్చగా ఉండటం కూడా అక్కడ మామూలు. ఉపగ్రహానికి సముద్రం చర్మమే కనిపిస్తుంది, ఈ లోగుట్టు దొరకదు.

తుపానుకు కావలసింది ఈ లోపలి వేడే. మామూలుగా అయితే తుపాను గాలి నీటిని చిలికి, అడుగునున్న చల్లటి నీటిని పైకి తెచ్చుకుంటుంది, దాంతో తన మేతను తనే తగ్గించుకుంటుంది. బంగాళాఖాతంలో ఆ మంచినీటి మూత అడ్డుపడితే చల్లనీరు పైకి రావడం కష్టం, తుపానుకు మేత తరగదు. 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డ హుద్‌హుద్ లాంటివాటి బలాన్ని ముందే అంచనా కట్టాలంటే పైనీటి వేడి ఒక్కటే చూస్తే చాలదు. అది ఎంత లోతు వరకు ఉందో, పైన ఉప్పు ఎంత ఉందో కూడా తెలియాలి. ఆ కొలతలు తుపాను రోజున ఏ ఓడా వెళ్లి తేలేదు. ఈత రాని గొట్టానికి మాత్రం తుపానుతో పేచీ లేదు, కిలోమీటరు లోతున దాని పాటికది ఉంటుంది.

ఇంకో తిరకాసుంది. పలచబడిన నీటిలో తేలడం కష్టం కాబట్టి, బంగాళాఖాతంలో పైకి రావాలంటే ఫ్లోట్ మామూలు కంటే ఎక్కువ నూనె బయటకు నెట్టాలి. వేరే సముద్రానికి సరిపోయిన తూకం ఇక్కడ సరిపోదు. అందుకే ఏ నీటిలో వేస్తున్నామో ముందే చూసుకుని తూకం కట్టాలి.

మన దేశం తరఫున ఈ పని చూసేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో ఏర్పడింది. హిందూ మహాసముద్రపు ఆర్గో సమాచారానికి ప్రాంతీయ కేంద్రం కూడా అదే. సముద్రం లేని ఊళ్లో సముద్రపు లెక్కలేమిటని నవ్వేవాళ్లున్నారు. సమాచారం వచ్చేది ఉపగ్రహం మీంచి అయినప్పుడు ఊరికి ఒడ్డు అక్కర్లేదు. మత్స్యకారులకు ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సలహాలు మాత్రం ప్రధానంగా ఉపగ్రహ చిత్రాలతో తయారయ్యేవి. ఆ ఘనత ఆర్గోకు కట్టబెట్టకూడదు.

రెండు కిలోమీటర్లతో సముద్రం అయిపోదు. దాని సగటు లోతు 3700 మీటర్లకు కాస్త అటూ ఇటూ. అందుకని ఆరు కిలోమీటర్లు దిగే ఫ్లోట్లు వస్తున్నాయి. గొట్టం ఆ పీడనానికి ఆగదు కాబట్టి వాటిలో కొన్నింటిని గాజు గోళంలో అమర్చారు. ఆక్సిజన్, నైట్రేట్, ఆమ్లత్వం, పచ్చదనం కొలిచేవి ఇంకో రకం. ఖరీదు మాత్రం మామూలు వాటికి ఎన్నో రెట్లు.

చివరికి వీటి గతేమిటంటే, బ్యాటరీ అయిపోయాక చాలావరకు సముద్రంలోనే ఉండిపోతాయి. ఏటా ఎనిమిది తొమ్మిది వందల కొత్తవి వేస్తేగానీ లెక్క నిలవదు. అన్ని గొట్టాలూ బ్యాటరీలూ నీటిపాలు కావడం నాకేమీ బాగనిపించదు. ఒక్కోదాన్నీ ఏరుకు రావడానికి ఓడలు తగలేసే డీజిలు అంతకంటే చెరుపు చేస్తుంది కాబట్టి ప్రస్తుతానికి సర్దుకుంటున్నాం, అంతే.

కొన్ని మాత్రం ఒడ్డుకు కొట్టుకొస్తాయి, మరబోట్ల వలల్లో పడతాయి. మన తీరంలో ఎవరికైనా అలాంటి గొట్టం దొరికితే ఒక్క మనవి. పాత ఇనుప సామానుగా అమ్ముకోవచ్చనో, లోపలేముందో చూద్దామనో దాన్ని విప్పొద్దు, కోయొద్దు, ఎండలో ఇంటి ముందు పెట్టొద్దు. చాలావాటిలో లిథియం బ్యాటరీలుంటాయి. నీరు చొరబడి ఉంటే లోపల వాయువు ఒత్తిడితో నిండి ఉండొచ్చు, పేలితే ప్రమాదం. పిల్లల్ని దూరంగా ఉంచి, మెరైన్ పోలీసులకో మత్స్యశాఖకో కబురు చేయండి. వీలైతే దూరం నుంచే ఒంటి మీది నంబరు కనబడేలా ఫొటో తీయండి. ఆ నంబరు పట్టుకుని అది ఏ దేశానిదో, ఎప్పుడు నీటిలో దిగిందో, ఏయే దారుల్లో తిరిగి మీ ఊరికి చేరిందో ఇన్‌కాయిస్ వాళ్లు చెప్పగలరు.