మన డబ్బా మనమే కట్టుకుందాం

తెల్లవారుజామున నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో పొయ్యిలు వెలుగుతాయి. ఇల్లాలు వంట చేస్తుంది. పిల్లలకు పెడుతుంది. పనికి పోయే భర్తకు క్యారేజీ కడుతుంది. అప్పటికి పొద్దెక్కుతుంది. వీధి చివర ఆటో హారన్ కొడుతుంది. గిన్నె అడుగున మిగిలిన అన్నం, ఒక పచ్చడి ముక్క డబ్బాలో వేసుకుని ఆమె పరుగెడుతుంది. ఒక్కోరోజు అదీ ఉండదు.

మధ్యాహ్నం చేను గట్టు మీద అందరూ డబ్బాలు విప్పుతారు.

"ఏటి వదినా, కూడు తెచ్చుకోలేదేటి?" అని పక్కామె అడుగుతుంది.

"నాకు ఆకల్లేదులే" అని ఈమె అంటుంది.

ఆకలి లేక కాదు. డబ్బా కట్టుకునే తీరిక లేక.

నాట్లు వేసినా, చెరకు నరికినా, జీడితోటలో పిక్కలు ఏరినా, కొట్లో నిలబడి పనిచేసినా ఒంట్లో బలం కావాలి. బలానికి రక్తం కావాలి. 2019-21 లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి రక్తం తక్కువగా ఉందని ఆ సర్వేలో తేలింది. దీనినే రక్తహీనత అంటారు. త్వరగా అలిసిపోవడం, ఆయాసం, కళ్ళు తిరగడం దీని గుర్తులు. రక్తం తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి. సరైన తిండి లేకపోవడం వాటిలో పెద్దది.

మరి తీరిక లేని మనిషి ఏం చేయాలి? పొద్దున్న తీరిక లేకపోతే ముందే సిద్ధం చేసుకోవాలి.

ఇది మనకు కొత్త కాదు

ముందే సిద్ధం చేసుకుని మోసుకుపోవడం మన పెద్దలకు తెలిసిన పనే. మన్యంలో చోడి అంబలి కాచి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని కొండ పనికి తీసుకుపోతారు. ఊరు ప్రయాణమైతే పులిహోర కలుపుతారు. పెరుగన్నం కట్టేవాళ్ళు అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు వేస్తారు. మధ్యాహ్నానికి అది కమ్మగా తోడుకుంటుంది.

ఇతర దేశాల్లో ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు ఇలాంటి పనే ఇంకో రకంగా చేస్తున్నారు. గింజలు, కూరగాయ ముక్కలు, ఆకులు వరుసలు వరుసలుగా గాజు సీసాలో సర్దుకుంటారు. దానిని సలాడ్ అంటారు. తినేముందు సీసా కుదిపితే అన్నీ కలుస్తాయి. మన పెసలతో, మన కూరగాయలతో మనమూ అలా చేసుకోవచ్చు.

వరుసలు ఎందుకు?

అన్నీ ఒకేసారి కలిపేస్తే పోలేదా? పోలేదు. ఎందుకో మాగాయ పెట్టినవాళ్ళకు తెలుసు. మామిడి ముక్కలకు ఉప్పు రాస్తే ఊట దిగుతుంది. ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగుతుంది. దోసకాయ ముక్కలకు ఉప్పు తగిలినా అంతే. పొద్దున్న ఉప్పు కలిపితే మధ్యాహ్నానికి ముక్కలు మెత్తబడతాయి. వేరుశెనగ గింజలు నానిపోతాయి. తినబుద్ధి కాదు.

అందుకే తడి అడుగున ఉండాలి. పొడి పైన ఉండాలి. మధ్యలో గట్టి వస్తువులు అడ్డుగోడలా ఉండాలి.

ఇంకొక సంగతి. పులిహోర మామూలు అన్నం కంటే ఎక్కువసేపు ఎందుకు నిలుస్తుంది? అందులో పులుపు ఉంది. తిండిని పాడుచేసే సూక్ష్మజీవులు పులుపులో త్వరగా పెరగలేవు. మన డబ్బాలో అడుగున ఉండే నిమ్మరసం రుచినిస్తుంది, అడుగు ముక్కలకు కొంత కాపుదల కూడా ఇస్తుంది. అయితే పై వరుసలకు ఆ పులుపు తగలదు. కాబట్టి శుభ్రత మానకూడదు.

నిమ్మరసంతో మరో లాభం ఉంది. పెసలలో, బొబ్బర్లలో, వేరుశెనగలో ఇనుము ఉంటుంది. రక్తం పట్టడానికి ఇనుము కావాలి. గింజల్లోని ఇనుమును ఒళ్ళు అంత తేలికగా తీసుకోదు. నిమ్మలో సి విటమిన్ ఉంది. అది తోడుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ దీనికి అడ్డం. అందుకే అన్నం తిన్న వెంటనే టీ తాగకూడదు. ఒక గంట ఆగి తాగాలి.

డబ్బా సర్దే పద్ధతి

ఒక మనిషికి ఇవి చాలు:

పెసలు ఒక గుప్పెడు, ఉడికించిన బొబ్బర్లు లేక శెనగలు ఒక గుప్పెడు, ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్ లేక ముల్లంగి, సగం దోసకాయ, ఒక నిమ్మకాయ, వేయించిన వేరుశెనగ గింజలు ఒక గుప్పెడు, కొంచెం కొత్తిమీర, ఉప్పు, కారం.

ఈ వరుసలో సర్దాలి:

1. అన్నిటికంటే అడుగున నిమ్మరసం, ఉప్పు, చిటికెడు కారం.

2. దాని మీద ఉల్లి, క్యారెట్ ముక్కలు. ఇవి గట్టివి. పులుపులో ఊరితే ఇంకా రుచిగా ఉంటాయి.

3. దాని మీద ఉడికించి చల్లార్చిన బొబ్బర్లు లేక శెనగలు.

4. దాని మీద పెసర మొలకలు.

5. దాని మీద దోసకాయ ముక్కలు. వీటికి ఉప్పు తగలకూడదు.

6. పైన కొత్తిమీర. కడిగాక తడి ఆరనిచ్చి వేయాలి.

వేరుశెనగ గింజలు చిన్న పొట్లం కట్టి విడిగా పెట్టుకోవాలి. తినేముందు గింజలు వేసి, మూత బిగించి, డబ్బాను తిరగేసి నాలుగుసార్లు కుదపాలి. అడుగున ఉన్న పులుపు అన్నిటికీ పడుతుంది.

ఇది అన్నానికి బదులు కాదు. కష్టం చేసే ఒంటికి అన్నమో, రొట్టో, అంబలో తప్పక కావాలి. ఇది దానికి తోడు. పచ్చడి ముక్కతో తినే అన్నానికి, ఈ డబ్బాతో తినే అన్నానికి చాలా తేడా ఉంది.

ఏ పని ఎప్పుడు?

బుధవారం డబ్బా కట్టాలంటే సోమవారం రాత్రి పెసలు నానబెట్టాలి. మంగళవారం పొద్దున్న నీళ్ళు వంచి, బాగా కడిగి, శుభ్రమైన తడిగుడ్డలో మూటకట్టి నీడన పెట్టాలి. గుడ్డ ఆరిపోకుండా చూడాలి. రాత్రికి చిన్న మొలకలు వస్తాయి. ఆ రోజు రాత్రి బొబ్బర్లు కూడా నానేస్తే, బుధవారం తెల్లవారి అన్నంతో పాటు ఉడికిపోతాయి. గింజలు వేయించడం, డబ్బా తోమి ఆరబెట్టడం మంగళవారం రాత్రే కానిచ్చేయాలి.

ఫ్రిజ్ ఉన్న ఇంట్లో బొబ్బర్లు కూడా ముందే ఉడికించుకుని, డబ్బా అంతా రాత్రే సర్ది ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. తెల్లవారి తీసుకుపోవడమే పని. ఫ్రిజ్ లేని ఇంట్లో కూరగాయలు రాత్రి కోయకూడదు. కోసిన ముక్క త్వరగా పాడవుతుంది. రాత్రి కడిగి ఆరబెట్టి ఉంచుకోవాలి. పొద్దున్న కోసి సర్దుకోవాలి. ముందే అన్నీ చేతికి అందేలా ఉంటే దానికి పది నిమిషాలు చాలు.

జాగ్రత్తలు

మొలకలు తడిలో పెరుగుతాయి. సూక్ష్మజీవులూ తడిలోనే పెరుగుతాయి. గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివాళ్ళు పచ్చి మొలకలు తినకూడదు. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించుకుని తినాలి. ఎండాకాలంలోనూ, ఫ్రిజ్ లేని ఇళ్ళలోనూ అందరూ ఉడికించుకోవడమే మంచిది. మొలకలు జిగురుగా ఉన్నా, పాడు వాసన వచ్చినా పారేయాలి. "అయ్యో, పోతాయే" అనుకుని తినకూడదు. పోయేవి గుప్పెడు పెసలు. తింటే పోయేది రెండు రోజుల కూలి.

వేడి వేడి అన్నం, ఉడికిన గింజలు డబ్బాలో వేసి మూత పెట్టేయకూడదు. ఆవిరి నీరుగా మారి లోపలే ఉండిపోతుంది. అన్నం త్వరగా పాచిపోతుంది. పళ్ళెంలో పరిచి, ఆవిరి పోయాక సర్దుకోవాలి.

స్టీలు డబ్బా అన్నిటికంటే మంచిది. పాత హార్లిక్స్ సీసా, పచ్చడి సీసా కూడా పనికొస్తాయి. కాకపోతే పొలంలో గాజు పగిలితే ప్రమాదం. అల్యూమినియం డబ్బాలో నిమ్మరసం పోయకూడదు. పులుపు ఆ లోహాన్ని కరిగించి తిండిలో కలుపుతుంది. పురుగుమందు డబ్బాలు ఎంత తోమినా తిండికి పనికిరావు. నీళ్ళకు కూడా వాడకూడదు.

పని దగ్గర డబ్బాను ఎండలో పెట్టకూడదు. తడిగుడ్డ చుట్టి, గాలి తగిలే చెట్టు నీడన ఉంచాలి. గుడ్డలోని నీరు ఆరేకొద్దీ డబ్బా చల్లబడుతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మందు కొట్టిన చేలో పనిచేసిన రోజు ఇది అసలు మరువకూడదు.

ఒక్క డబ్బాతో అయిపోదు

ఈ డబ్బా ఒక్కటే రక్తహీనతను పోగొట్టదు. ఎప్పుడూ నీరసంగా ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పాలి. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తం తక్కువైనట్టు. గర్భిణులకు ఆ లెక్క 11. డాక్టరు చెప్పిన ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోవాలి.

ఇంట్లో నలుగురు పనికి పోతే నాలుగు డబ్బాలు కట్టాలి. మూడు కట్టి, నాలుగోదానికి మిగిలింది వేసుకోవడం అలవాటైపోయింది. ఈ అలవాటు మారాలి. రాత్రి ఆమె పెసలు కడుగుతుంటే భర్త గింజలు వేయించవచ్చు. పెద్దపిల్లాడు డబ్బాలు తోమవచ్చు. నాలుగు డబ్బాలూ రాత్రే గట్టు మీద వరుసగా ఉంటే, పొద్దున్న ఏ ఒక్కటీ ఖాళీగా పోదు.

అప్పుడు చేను గట్టు మీద "కూడు తెచ్చుకోలేదేటి?" అని ఎవరూ అడగనక్కరలేదు. "ఏటి తెచ్చావు వదినా, కొంచెం ఇటు పెట్టు" అని అడుగుతారు.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఇంట్లో అందరికంటే చివర తినేది ఎవరు? ఎందుకు?

2. నిమ్మరసం అడుగున, దోసకాయ ముక్కలు పైన ఎందుకు ఉండాలి?

3. డబ్బాలు కట్టే పనిలో ఇంట్లో ఎవరెవరు ఏ సాయం చేయగలరు? పేర్లు రాయండి.