ఖరీదైన పరిమళం కొనే ముందు

సువాసన పట్ల ముస్లిం కుటుంబాలకున్న మమకారం ఈనాటిది కాదు. దైవప్రవక్త (స) సుగంధాన్ని ఇష్టపడేవారనీ, ఎవరైనా అత్తరు ఇస్తే కాదనేవారు కాదనీ హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. జుమా రోజున స్నానం చేసి, ఉన్నంతలో మంచి బట్టలు ధరించి, పరిమళం పూసుకుని మసీదుకు వెళ్ళాలన్నది మన ఇళ్ళలో చిన్నపిల్లలకు సైతం తెలిసిన విషయమే. అయితే ఇటీవలి కాలంలో ఈ మమకారానికి ఒక కొత్త బరువు తోడయింది. గల్ఫ్‌లో పనిచేసే కొడుకో అల్లుడో సెలవుపై వస్తున్నాడంటే, అక్కడి పేరున్న సంస్థ సెంటు తెమ్మని బంధువులు కబురు పెడుతున్నారు. పెళ్ళికొడుకు కిచ్చే సామగ్రిలో అలాంటి సీసా ఒకటి ఉండి తీరాలని పట్టుబడుతున్నారు. ఆ ఒక్క సీసా వెల అక్కడ ఎండలో కష్టపడే మనిషి నెల జీతాన్ని మింగేయగలదు. అంత సొమ్ము పోసి కొనే వస్తువును దుకాణంలో నిలబడి ఐదు నిమిషాల్లో ఎంచుకోవడం మాకు సబబుగా తోచడం లేదు.

ఉదాహరణకు ఒమాన్‌కు చెందిన అమువాజ్ సంస్థనే తీసుకుందాం. సుల్తాన్ ఖాబూస్ కోరిక మేరకు 1983లో ఆ సంస్థ ఏర్పడింది. అరబ్బుల సుగంధ సంప్రదాయాన్ని ప్రపంచం ముందు నిలపాలన్నది ఆయన సంకల్పం. దాని తొలి పరిమళం 'గోల్డ్'ను రూపొందించినవారు గీ రోబేర్ అనే ఫ్రెంచి నిపుణుడు. దానికి ప్రాణం పోసింది మాత్రం దక్షిణ ఒమాన్‌లోని జుఫార్ ప్రాంతపు లుబాన్. ఆ చెట్ల నేల, పాత వర్తక రేవులు కలిపి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. లుబాన్ అనగానే మన ఇళ్ళలో నిప్పుల మీద వేసే లోబాన్ గుర్తుకు రావడం సహజం. పేర్లు చుట్టాలే కాని చెట్లు వేరు. మన బజారులో లోబాన్ పేరిట అమ్మేది చాలావరకు ఇండోనేషియా వైపు నుంచి వచ్చే వేరొక చెట్టు బంక. ఒమాన్ లుబాన్‌కు అసలైన దాయాది మన అడవుల్లోని అందుగు చెట్టు.

ఇక ఎంపిక సంగతి. పరిమళం ఒక్క వాసన కాదు, కాలంతోపాటు మారే వాసనల వరుస. ముందుగా ఆవిరయ్యేవి నిమ్మ, నారింజ జాతి తేలిక వాసనలు. అవి పావుగంట దాటితే మిగలవు. ఆ తరువాత పూలూ, సుగంధ దినుసులూ కొన్ని గంటలు నిలుస్తాయి. చివరికి చందనం, ఊద్, అంబర్, లుబాన్ వంటి బరువైనవి చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. కొన్నవారు రోజంతా సహవాసం చేయవలసింది ఈ చివరి వాసనతోనే. దుకాణంలో మనసు దోచేది మాత్రం మొదటిది! అదే సంస్థ 2012లో తెచ్చిన పురుషుల 'ఇంటర్‌లూడ్' ఇందుకు మంచి తార్కాణం. చల్లిన వెంటనే పిజ్జా మీద వేసే ఒరెగానో ఆకులాంటి ఘాటు ముక్కుపుటాలను తాకుతుంది. చాలామంది అక్కడే మొహం తిప్పుకుంటారు. రెండు మూడు గంటలు ఓపిక పడితే ధూపం, అంబర్, తోలు కలిసిన వెచ్చని పొగవాసన మిగులుతుంది. తొలి క్షణంలో తిరస్కరించినవారు చివరికి మెచ్చుకోవచ్చు. తొలి క్షణంలో మెచ్చినవారికి సాయంత్రానికి తలనొప్పి రావచ్చు.

అందువల్ల మేము చెప్పేది ఒక్కటే: మీ చర్మం మీద ఒక పూర్తి రోజు గడవనిదే పెద్ద సీసా కొనకండి. కాగితపు పట్టీ మీద చల్లి చూడటం వద్దనుకున్నవాటిని పక్కన పెట్టడానికి మాత్రమే పనికొస్తుంది. ఒకసారికి మూడింటికి మించి వాసన చూడకండి, ముక్కు అలసిపోతుంది. నచ్చినదాన్ని మణికట్టు మీద చల్లించుకుని, రుద్దకుండా వదిలేసి, దుకాణం బయటికి వచ్చేయండి. ఎండలో నడవండి, జొహర్ నమాజు చేసుకోండి, ఇంటికి వెళ్ళి భోజనం చేయండి. మస్కట్ మాల్‌లోని చల్లదనంలో హాయిగా అనిపించిన లుబాన్, ఊద్‌ల మిశ్రమం మే నెలలో కరీంనగర్ ఉక్కపోతలో అలాగే ఉండదు. వేడికి పరిమళం త్వరగా ఆవిరవుతుంది, ఘాటు పెరుగుతుంది. మన ఎండలకు తేలికైనవి, చలికాలానికి బరువైనవి నప్పుతాయన్నది పాత అత్తరు వ్యాపారులకు బాగా తెలిసిన లెక్క. ఎండాకాలంలో ఖస్, చలికాలంలో షమామా అమ్మడం అందుకే.

రెండు మిల్లీలీటర్ల చిన్న శాంపిల్ సీసాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కానుక ఇవ్వాలనుకున్న మనిషికి ముందు అలాంటివి రెండు మూడు పంపి, ఏది నచ్చిందో అడిగితే మర్యాదకు లోటేమీ రాదు. పెట్టె విప్పగానే ఆశ్చర్యపోవాలన్న ముచ్చటకు ముప్పై వేలు పణంగా పెట్టడం మాత్రం ఇస్రాఫ్‌కు చాలా దగ్గరి దారి.

ధర గురించి కూడా ఒక మాట. ఒక కిలో గులాబీ నూనె తీయడానికి 3,000 కిలోలకు పైగా రేకులు కావాలి. ఊద్ ఏర్పడేది అగరు చెట్టుకు గాయమై, బూజు సోకినప్పుడే. ఆ చెట్ల జాతులు తరిగిపోయి, వాటి అంతర్జాతీయ వ్యాపారం నేడు ఆంక్షల కింద నడుస్తోంది. కాబట్టి కొంత ధరకు నిజమైన కారణం ఉంది. మిగిలింది సీసాకూ, పెట్టెకూ, పేరుకూ చెల్లించేదే. 'గోల్డ్' పురుషుల సీసా మూత ఒమానీ ఖంజరు పిడిని పోలి ఉంటుంది. అందమైన ఆలోచనే, కాని అది వాసన చూడదు. ఊద్ అని రాసి ఉన్న స్ప్రేలు అధికభాగం ప్రయోగశాలలో తయారైన సుగంధాలతోనే చేస్తారు. ఇందులో మోసమేమీ లేదు, నిజానికి మేలే ఉంది. కస్తూరి కోసం మృగాన్ని చంపనవసరం తప్పింది. అంబర్ కోసం తిమింగలం మీద ఆధారపడనవసరం తప్పింది. ఇక్కడే ఒక హెచ్చరిక: అసలైన అంబర్ ముద్దను దగ్గర ఉంచుకోవడం, అమ్మడం మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చవకగా దొరికిందని ఎవరూ పెట్టెలో పెట్టుకుని రావద్దు.

ఆల్కహాలు మాటేమిటని చాలా ఇళ్ళలో పెద్దలు అడుగుతారు. స్ప్రే సీసాల్లో ద్రవం అధికభాగం ఆల్కహాలే. ద్రాక్ష, ఖర్జూరాలతో చేసిన మద్యం కానిదాన్ని పైపూతగా వాడవచ్చని, ఆ బట్టలతో నమాజు చెల్లుతుందని నేటి హనఫీ ధర్మవేత్తలు అనేకులు చెప్పారు. జాగ్రత్త కొద్దీ దూరంగా ఉండేవారూ ఉన్నారు. ఎవరి విశ్వాసపాత్రులైన ఆలిమ్‌ను వారు అడగడం మంచిది. అయితే ఇంట్లో తాతగారు స్ప్రే వాడరని తెలిసీ ఆయనకు అదే కానుకగా ఇవ్వడం ప్రేమ అనిపించుకోదు. ఆయనకు నూనెలో తీసిన అత్తరు ఇవ్వండి. అమువాజ్ కూడా అత్తర్లు చేస్తుంది, కాని హైదరాబాద్ పత్తర్‌గట్టి దుకాణాల్లో కన్నౌజ్ నుంచి వచ్చే మట్టి అత్తరు, గులాబీ అత్తరు ఆయనకు మరింత సొంతంగా అనిపించవచ్చు. తెల్లని కుర్తా మీద మాత్రం నూనె మరక పడుతుంది, చెవి వెనక, మణికట్టు మీద రాసుకోమనండి.

పరిమళం పూసుకున్నవారి ముక్కు కొద్దిసేపటికే దానికి అలవాటుపడి, వాసన లేదని భ్రమపడుతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ చల్లుకుంటారు. సఫ్‌లో పక్కన నిలబడినవాడు ఉబ్బసం రోగి అయితే అతని నమాజు ఎలా సాగుతుందో ఊహించండి. గాఢమైన రకాలకు రెండుసార్లు చల్లితే చాలు. ఇంట్లో గర్భిణులున్నా, పసిపిల్లలున్నా కొనే ముందు వారి ముందు ఒకసారి పరీక్షించాలి. స్త్రీలు పరపురుషుల మధ్యకు వెళ్ళేటప్పుడు ఘాటైన పరిమళం వాడరాదన్న హెచ్చరిక మన పాఠకులకు తెలిసిందే. ఇంట్లో, స్త్రీల సమావేశాల్లో వారికీ మంచి పరిమళంపై అంతే హక్కుంది. వారి సీసా ఎప్పుడూ పురుషుల సీసాకన్నా చవకదే ఎందుకవుతుందో మాకు అర్థం కాదు. ఉమ్రాకు వెళ్ళేవారు ఇహ్రామ్‌లో సుగంధం నిషిద్ధమని గుర్తుంచుకుని, కొనుగోలును తిరుగు ప్రయాణానికి వాయిదా వేసుకోవడం మేలు.

పేరున్న సీసాలకు నకిలీలు ఎక్కువ. సగం ధరకు ఇస్తామన్న చోట ఆగి ఆలోచించండి. పెట్టె మీది బ్యాచ్ సంఖ్య, సీసా అడుగునున్న సంఖ్య ఒకటేనా చూడండి, రసీదు అడగండి. విమానంలో చేతి సామానులో ద్రవాల సీసా సాధారణంగా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. ఇంటికి తెచ్చాక అద్దాల అలమారులో అతిథులకు కనిపించేలా నిలబెట్టకండి. వెలుతురు, వేడి దాని శత్రువులు. దాని పెట్టెలోనే పెట్టి, బట్టల బీరువాలో చీకటి అరలో ఉంచితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది.