ఏమీ మొలవకపోతేనే మంచిది

బాచుపల్లి అంటే ఇప్పుడు చాలామందికి అపార్ట్‌మెంట్లు, కాలేజీలు, ట్రాఫిక్కే గుర్తొస్తాయి. డాక్టర్ రెడ్డీస్ మాత్రలు తయారయ్యే యూనిట్లు కూడా ఇక్కడే ఉన్నాయి. ఇలాంటి ఫ్యాక్టరీల్లో మైక్రోబయాలజీ ల్యాబ్ తప్పనిసరి. అందులో పనిచేసేవాళ్లు రోజంతా క్రిముల్ని పెంచుతుంటారని బయటివాళ్ల ఊహ. నిజానికి వాళ్ల పనిలో ఎక్కువ భాగం ఏమీ పెరగలేదని చూపించడమే.

గోరువెచ్చని పాలలో తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది. ల్యాబ్‌లో మాత్రం ఎవరూ వేయకుండానే తోడు పడిందేమోనని వెతుకుతారు. నీటినో, మందు పొడినో పోషకాలు కలిపిన అగర్ ప్లేటు మీదికి చేర్చి ఇంక్యుబేటర్‌లో పెడతారు. అగర్ అంటే కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో దొరికేదే. 1881లో జర్మనీలో ఫానీ హెస్సే అనే ఇల్లాలు క్రిములు పెంచడానికి దీన్ని సూచించారు. అంతకుముందు వాడిన జెలటిన్ వెచ్చదనానికి కరిగిపోయేది. మన ఎండలకైతే చెప్పనే అక్కర్లేదు!

మాత్రలో ఒక్క క్రిమి కూడా ఉండకూడదని అనుకుంటాం. అంత పట్టింపు ఇంజెక్షన్ల లాంటి వాటికే. మామూలు మాత్రలో గ్రాముకు 1000 బ్యాక్టీరియా, 100 బూజు, ఈస్ట్ కణాల వరకు అనుమతిస్తారు. కానీ ఈ-కొలై అనే బ్యాక్టీరియా మాత్రం గ్రాములో ఒక్కటీ కనబడకూడదు. తయారీలో వాడే శుద్ధి చేసిన నీటికి హద్దు మిల్లీలీటరుకు 100. ఇంజెక్షన్ల స్టెరిలిటీ పరీక్షకు 14 రోజులు ఆగాలి. త్వరగా కావాలని పైవాళ్లు తొందరపెట్టినా క్రిములు తొందరపడవు.

అసలు చిక్కు ఖాళీ ప్లేటుతోనే. క్రిములు లేక ఖాళీగా ఉందా, మీడియా, అంటే ప్లేటులోని పోషకాల అగర్, పాడై ఏదీ మొలవలేదా? అందుకే కొత్త మీడియా వచ్చినప్పుడు తెలిసిన క్రిముల్ని, అదీ వందకు మించకుండా, వేసి చూస్తారు. ఆ కొద్దిపాటి కణాలూ మొలిస్తేనే ఆ మీడియాను నమ్ముతారు. పక్కన ఏమీ వేయని ప్లేటు కూడా ఉంచుతారు. అందులో మొలిస్తే తప్పు ల్యాబ్‌దే కావచ్చు.

ఎక్కడైనా కాలనీ, అంటే క్రిముల గుంపు, కనిపించిందా, ఆ రోజు టీ కూడా గుర్తుండదు. చర్మం మీది స్టఫైలోకోకస్ అయితే మనుషుల్ని అనుమానిస్తారు, బాసిల్లస్ అయితే దుమ్మును, సూడోమోనాస్ అయితే నీటి పైపుల్ని. ఎక్కువసార్లు దొరికే దొంగ మనిషే. అందుకే మందు తయారయ్యే క్లీన్‌రూమ్‌లోకి పౌడరు, గోళ్లరంగు తీసేసి వెళ్లాలి, లోపల నెమ్మదిగా నడవాలి.

ఇంక్యుబేటర్‌కు సంక్రాంతీ ఆదివారమూ తెలియవు. గడువు పండగ రోజు పడితే ఎవరో ఒకరు డ్యూటీకి రావాల్సిందే. ప్లేటును వెలుతురుకు పట్టి, ఏమీ లేదని రాసి, టైమ్ వేసి సంతకం పెడతారు. తర్వాత రెండో మనిషి అదే ప్లేటు అందుకుని మళ్లీ వెలుతురుకు పడతారు.