పదో తరగతి తర్వాత: బిడ్డను అడిగి నిర్ణయిద్దాం

పదో తరగతి ఫలితాలు వెలువడగానే మన ఇళ్లలో వినిపించే మొదటి ప్రశ్న 'ఎన్ని మార్కులు?'. రెండవది 'ఏ గ్రూపు?'. మొదటి ప్రశ్న బిడ్డను అడుగుతాం. రెండవది మాత్రం బంధువులను, ఇరుగుపొరుగును, కళాశాలల తరఫున ఇంటికి వచ్చే ప్రచారకులను అడుగుతాం. బిడ్డకు ఏది ఇష్టమో, ఏది చేతనవునో తెలుసుకోకుండానే నాలుగు రోజుల్లో ఫీజు కట్టేస్తాం. ఇంటర్మీడియట్ చదువు పెద్ద వ్యాపారంగా మారిన విజయవాడ పరిసరాల్లో ఈ తొందరపాటుకు చెల్లించే మూల్యం తక్కువ కాదు. గణితంలో తప్పిన మొదటి సంవత్సరం, మధ్యలో ఆగిన చదువు, దానికోసం తెచ్చిన వడ్డీ అప్పు ఒకే ఇంట చేరుతున్నాయి. వడ్డీ నిషిద్ధమని తెలిసిన కుటుంబమే బిడ్డ చదువు పేరిట అందులో చిక్కుకోవడం ఎంత బాధాకరం!

సామర్థ్యాన్ని గుర్తించాలి

దైవప్రవక్త (స) తన సహచరులందరికీ ఒకే పని అప్పగించలేదు. హజ్రత్ బిలాల్ (రజి) కంఠస్వరాన్ని బట్టి ఆయనకు అజాన్ బాధ్యత ఇచ్చారు. చిన్న వయసులోనే చురుకుదనం చూపిన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమన్నారు. దివ్య ఖుర్ఆన్ సంకలన బాధ్యత తర్వాతి కాలంలో ఆయన భుజాలపైనే పడింది. ఉహుద్ యుద్ధ సమయంలో మదీనాలోనే ఉండాలన్నది ప్రవక్త (స) అభిప్రాయం. అయినా యువకుల కోరికను మన్నించి నగరం వెలుపలికి వెళ్లారు. ఆ యుద్ధంలో నష్టం వాటిల్లిన తర్వాత కూడా, సంప్రదింపును కొనసాగించమనే ఆలి ఇమ్రాన్ సూరా ఆదేశించింది. అలాంటప్పుడు తన జీవితం గురించి పదిహేనేళ్ల బిడ్డ చెప్పే మాట మనం వినలేమా?

గ్రూపు ఒక ద్వారం

ఎంపీసీ ఇంజినీరింగ్ వైపు, బైపీసీ వైద్యం, పశువైద్యం, నర్సింగ్ వైపు తెరుచుకుంటాయి. ఫార్మసీకి ఈ రెండింటి నుంచీ వెళ్లవచ్చు. ఎంఈసీ, సీఈసీ వారికి సీఏ, వాణిజ్య రంగాలు అనువైనవి. ఏ గ్రూపు చదివినా ఐదేళ్ల న్యాయవిద్యకు లాసెట్ రాయవచ్చు. లెక్కలంటే భయమని బైపీసీలో చేర్చేవారు అందులోనూ భౌతికశాస్త్రం ఉంటుందని గమనించాలి. బిడ్డ తొమ్మిది, పది తరగతుల్లో ఏ సబ్జెక్టును ఎవరూ చెప్పకుండానే చదివాడో ఆ ఉపాధ్యాయుడిని అడిగితే తెలుస్తుంది.

గన్నవరం చుట్టూనే

దూరపు హాస్టళ్ల వైపు చూసేముందు దగ్గరలో ఏముందో చూద్దాం. గన్నవరంలో 1998లో మొదలైన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అక్కడి పట్టభద్ర కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. సూరంపల్లిలోని సీపెట్‌లో పదో తరగతి తర్వాతే మూడేళ్ల ప్లాస్టిక్స్ డిప్లొమాలో చేరవచ్చు. 2008లో ఏర్పడిన నూజివీడు ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కుల ఆధారంగా ఆరేళ్ల చదువుకు ప్రవేశం ఇస్తుంది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరినవారు డిప్లొమా ముగించి, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. త్వరగా సంపాదన అవసరమైన ఇంటికి డిప్లొమా గౌరవప్రదమైన దారి. అది తెలివి తక్కువవారి చదువు అనుకోవడం పొరపాటు.

అమ్మాయిల మాట

మన స్త్రీలకు వైద్యం చేయడానికి స్త్రీలే కావాలని కోరుకుంటాం. మన అమ్మాయి బైపీసీ చదువుతానంటే మాత్రం అన్నేళ్ల చదువు ఎందుకని వెనుకాడతాం. అందరూ ఇలా వెనుకాడితే ఆ వైద్యురాళ్లు, నర్సులు ఎక్కడి నుంచి వస్తారు? దూరమే అభ్యంతరమైతే, ఇంటి నుంచి వెళ్లివచ్చే కళాశాలను వెదుకుదాం. చదువును మాత్రం ఆపవద్దు.

పత్రాలు ముందే సిద్ధం

సామాజికంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బి కిందికి వస్తాయి. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు బీసీ-ఇ పరిధిలో లేవు. ఆదాయ నిబంధనలకు లోబడి ఉంటే వారు ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటాకు అర్హులు. కుల, ఆదాయ ధ్రువపత్రాలను సచివాలయంలో ముందే తీసుకోండి. కౌన్సెలింగ్ రోజున పత్రం లేక సీటు పోగొట్టుకోవద్దు.

తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత బిడ్డతో కూర్చోండి. ఏ పాఠం ఇష్టం, ఏ పాఠం కష్టం, పదేళ్ల తర్వాత ఏ పని చేస్తూ ఉండాలనుకుంటున్నావు అని అడిగి, చివరిదాకా వినండి. మొత్తం ఖర్చెంతో, వడ్డీ అప్పు లేకుండా దాన్ని భరించగలమో లేదో బిడ్డ ఎదుటే లెక్క వేయండి. ఉపాధ్యాయులను సంప్రదించండి, కళాశాలను స్వయంగా చూసి రండి. ఆపై ఇస్తిఖారా చేయండి. విచారణ మనం చేయవలసిన పని. శుభాన్ని ప్రసాదించేవాడు అల్లాహ్. సంతానం మన చేతిలో ఉన్న అమానత్. మన తీరని కోరికలను నెరవేర్చుకునే సాధనం కాదు.