పేరు గొప్ప... మరి చదువో?

కొండాపూర్‌లో పెళ్లిచూపులైనా, ఉద్యోగమైనా మొదటి ప్రశ్న ఒక్కటే: "అబ్బాయి ఏ కాలేజీ?" ఏం నేర్చుకున్నాడన్నది తర్వాతి సంగతి. చుట్టూ కంప్యూటరు కంపెనీలే కనుక ఈ ప్రశ్నకు ఇక్కడ బరువు మరీ ఎక్కువ. పేరున్న సీటుకోసం బ్యాంకు అప్పులకూ, ఇంటి తాకట్టుకూ సిద్ధపడే తల్లిదండ్రులు వున్నారు.

పేరుకు విలువే లేదనడం న్యాయం కాదు. వేల దరఖాస్తులు చదివే తీరిక కంపెనీలవారికి వుండదు. ప్రవేశపరీక్షే ఒకసారి జల్లెడ పట్టింది గదా అని, పెద్ద సంస్థలకు తామే వెళ్లి ఉద్యోగాలిచ్చి వస్తారు. చురుకైన సహాధ్యాయులు దొరకడం మరో లాభం.

అయితే ఆ పేరు లేనివారి గతి ఏమిటి? హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లగారికి ఐ.ఐ.టి. సీటు రాలేదు. మణిపాల్‌లో ఇంజనీరింగు, అమెరికాలోని మిల్వాకీలో ఎం.ఎస్. చదివి 1992లో మైక్రోసాఫ్టులో చేరారు. షికాగో ఎం.బి.ఎ. పూర్తిచేసింది ఆ తర్వాతే. 2014లో ఆ సంస్థకే అధిపతి అయ్యారు. 2007లో అడోబి సంస్థ పగ్గాలు పట్టిన శంతను నారాయణ్‌గారు మన ఉస్మానియాలో ఇంజనీరింగు చదివినవారే.

అంతకు ముందు తరంలో, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కథ వుండనే వుంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి ఆచార్యుని ఆగ్రహానికి గురైన ఆయనకు దక్కింది తక్కువ రకం ఎల్.ఎం.ఎస్. పట్టా. 1923లో హార్వర్డు చేరారు. అంత పేరున్న చోట గొప్ప పరిశోధనలు చేసినా, స్థిరమైన పదవి మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం, కేన్సరుకు వాడే మెథోట్రెక్సేటు వంటి మందుల వెనుక ఆయన కృషి వుంది. చిన్న పట్టా ఆయనను ఆపలేదు; పెద్ద పేరు ఆయనను ఆదుకోలేదు.

అందరూ సుబ్బారావులు కాలేరనవచ్చు. నిజమే. అందుకే తల్లిదండ్రులు పేరుతోపాటు మరికొన్ని చూడాలి. అధ్యాపకులు నిలకడగా వుంటున్నారా? ప్రయోగశాల తలుపులు రోజూ తెరుస్తున్నారా? నిరుడు చదువు ముగించినవారు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? ప్రకటనలు చూసి ఊరుకోక, అక్కడ చదివే పిల్లలనే అడగండి.

పేరు మొదటి ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం వంటిది. రెండో ఉద్యోగానికి వెళ్లేసరికి మొదటిచోట చేసిన పనినే అడుగుతారు. సిఫారసు ఉత్తరం కోసం ఇల్లు తాకట్టు పెట్టడం అవసరమా అన్నది ప్రతి కుటుంబమూ తీరికగా ఆలోచించవలసిన విషయం.