గ్రామ పంచాయతీ (హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం)

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పల్లెలలో ప్రజలకు అతి సమీపంలో ఉన్న ప్రభుత్వం గ్రామ పంచాయతీ. త్రాగునీరు, పారిశుధ్యం, వీధిదీపాలు, మురుగు కాలువలు, శ్మశానవాటికల నిర్వహణ దీని ముఖ్య బాధ్యతలు. హిందూపురం, ధర్మవరం పట్టణాలు పురపాలక సంఘాలు. పెనుకొండ మాత్రం చాలాకాలం గ్రామ పంచాయతీగా ఉండి 2020లో నగర పంచాయతీగా మారినది. ఈ పట్టణాల చుట్టూ ఉన్న పల్లెలు నేటికీ పంచాయతీల పాలనలోనే ఉన్నవి.

నేపథ్యం

ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో భాగం. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ 1959 నవంబరు 1న ప్రారంభమైనది. అయినప్పటికీ గ్రామ లెక్కలు, పెత్తనం వంశపారంపర్యంగా వచ్చిన కరణం, మునసబుల చేతిలోనే చాలాకాలం ఉండేవి. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసినది. మరుసటి సంవత్సరం ఆయన హిందూపురం నుండి శాసనసభకు ఎన్నికైనారు. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించినది. దానిని అనుసరించి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చినది.

నిర్మాణం

పంచాయతీలో జనాభాను బట్టి 5 నుండి 21 మంది వరకు వార్డు సభ్యులు ఉంటారు. సర్పంచును ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. ఉపసర్పంచును సభ్యులు తమలో నుండి ఎన్నుకుంటారు. పదవీకాలం 5 సంవత్సరాలు. 2013 ఎన్నికల నుండి సగం స్థానాలు మహిళలకు కేటాయించబడుతున్నవి.

గ్రామసభ

పంచాయతీ ఎన్నికైన కొద్దిమంది సంఘం కాగా, గ్రామంలోని ఓటర్లందరూ గ్రామసభ సభ్యులే. చట్టం ప్రకారం ఇది సంవత్సరానికి కనీసం రెండుసార్లు సమావేశం కావలెను. వార్షిక జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, చేపట్టబోయే పనులు, క్రొత్త పన్నుల ప్రతిపాదనలు, పథకాల లబ్ధిదారుల ఎంపిక దీని ముందు ఉంచవలసిన అంశాలు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకంలో పనుల సామాజిక తనిఖీ బాధ్యతను కూడ ఆ చట్టం గ్రామసభకే అప్పగించినది. కూలి డబ్బు ఎవరికి ముట్టినదో, ఎవరి పేరున దొంగ హాజరు పడినదో ఊరివారికే బాగా తెలియుట దీనికి కారణం.

త్రాగునీరు

అనంతపురం సీమలో వార్షిక సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. చెరువులు నిండని ఏడు బోర్లు కూడ అడుగంటుతాయి. అందుచేత పంచాయతీ పనితీరును ప్రజలు ముందుగా నీటితోనే కొలుస్తారు. 1990 దశకంలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు చేపట్టిన త్రాగునీటి పథకం జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు నీరు చేర్చినది. అయితే ఎంత పెద్ద పథకమైనా నీటిని ఊరి ట్యాంకు వరకే తెస్తుంది. అక్కడి నుండి ఇంటింటికీ పంపిణీ, మోటారు మరమ్మతు, ట్యాంకు శుభ్రత, క్లోరినేషన్ పంచాయతీ చూచుకొనవలసినవే.

ఆదాయం, సమస్యలు

ఇంటి పన్ను, నీటి రుసుము, సంతల వేలం పాటలు, లైసెన్సు రుసుములు పంచాయతీ సొంత ఆదాయ మార్గాలు. చిన్న పల్లెలలో ఇవి చాలవు కనుక ఆర్థిక సంఘం నిధులే ముఖ్య ఆధారం. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని త్రాగునీరు, పారిశుధ్యాలకు ప్రత్యేకించినది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఈ సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేయగా, తమ అనుమతి లేకుండానే ఖాతాలు ఖాళీ అయినవని రాష్ట్రమంతటా సర్పంచులు నిరసన తెలిపారు. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాల వలన సేవలు ఊరికి దగ్గరైనవి గాని, సర్పంచు అధికారం తగ్గినదన్న విమర్శ కూడ వచ్చినది.

రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగినవిగా 29 అంశాలు ఉన్నవి. వాటిని ఎంతమేరకు బదిలీ చేయాలన్నది రాష్ట్ర శాసనసభ నిర్ణయం. జమాఖర్చులు అడిగి తెలుసుకొనే హక్కు మాత్రం గ్రామసభ ద్వారా ఓటరుకు ఇప్పటికే ఉన్నది. సభకు హాజరు పలుచగా ఉన్నచోట ఆ హక్కు కాగితానికే పరిమితమగును.